పాలేరు దాటితే చెల్లని నోటు

విజయవాడ నుంచి హైదరాబాదు హైవే ఎక్కినవాళ్లు ఇబ్రహీంపట్నం దాటాక పరిటాల దగ్గర తల తిప్పి ఆంజనేయస్వామికి ఓ దణ్ణం పెట్టుకుంటారు. 135 అడుగుల ఆ విగ్రహం 2003లో వెలిసింది. అంతకు యాభై అయిదేళ్ల ముందు వరకూ ఈ ఊరు నిజాంది. చుట్టూ ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా, నడిమధ్యన హైదరాబాదు సంస్థానం ముక్క. ఉత్తర సర్కార్లను కంపెనీ చేతుల్లో పెట్టినప్పుడు కూడా వజ్రాల గనులున్న ఈ కాసిని ఊళ్లను నిజాం వదులుకోలేదు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా తమకు రాలేదని తెలిసి, ఇక్కడి జనం తమంతట తామే 'పరిటాల రిపబ్లిక్' ప్రకటించుకున్నారు.

దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ మునగాల పరగణా. నాలుగు వైపులా నిజాం ఇలాకా, మధ్యలో ఈ పరగణా మాత్రం కృష్ణా జిల్లాది. నాయని వెంకటరంగారావు జమీందారుగా, కొమర్రాజు లక్ష్మణరావు దివానుగా ఉన్న ఊరు ఇదే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక గానీ అది నల్గొండ జిల్లాలో కలవలేదు. పాలేరుకు అటు కోదాడ నిజాంది, ఇటు జగ్గయ్యపేట ఇంగ్లీషువాళ్లది. మధిర వాళ్లది, నందిగామ వీళ్లది. ఆ గీత ఎన్ని వంకర్లు తిరిగితే రూపాయి కూడా అన్నిసార్లు మారేది.

పాత నోట్లు పోగుచేసేవాళ్లు మన డెల్టాలో చాలామందే ఉన్నారు. రిటైరైన బ్యాంకు ఉద్యోగులు, బడిపంతుళ్లు, మందుల షాపులవాళ్లు, ఇంజనీరింగు చదివే కుర్రాళ్లు. వాళ్ల ఆల్బమ్‌లు తిప్పుతుంటే ఎక్కడెక్కడి దేశాల నోట్లో కనిపిస్తాయి. స్కాట్లండ్ నోట్లంటే ప్రాణం పెట్టేవాళ్లూ ఉన్నారు. గ్లాస్గోకో ఎడిన్‌బరాకో చదువుకు వెళ్లిన పిల్లలు సెలవుల్లో తెచ్చిన నోట్లతో చాలామందికి ఆ పిచ్చి మొదలవుతుంది. నాకు మాత్రం ఆ ఆల్బమ్‌లన్నిటిలో ఒక పేజీ మీదే చూపు ఆగిపోతుంది. అది నిజాం హాలీ నోట్ల పేజీ. మనకు కూతవేటు దూరంలో, మన భాష మాట్లాడే జనం చేతుల్లో నలిగి, మన ఊళ్లలోకి వచ్చేసరికి చెల్లకుండా పోయిన నోట్లవి. డెల్టాలో నోట్లు సేకరించాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడినుంచేనని నా నమ్మకం.

నూటపదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు

హైదరాబాదు సంస్థానపు రూపాయిని హాలీ సిక్కా అనేవారు. ఇటువైపు చెల్లేది కల్దారు రూపాయి, పెద్దవాళ్ల నోట్లో కంపెనీ రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లతో సమానమని ఒక లెక్క స్థిరపడింది. వంద కల్దార్లు కావాలంటే నూటపదహారు హాలీ రూపాయలూ, పైన పది అణాల ఎనిమిది పైలూ లెక్కపెట్టాలి. రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు పైలు చొప్పున వేసి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఈ లెక్కను నోటికి చెప్పగలిగిన గుమాస్తా సరిహద్దు ఊళ్ల కొట్లలో తప్పనిసరి. మారకం మీద వ్యాపారి పట్టుకునే వట్టం వేరు.

1889లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. ఆ తర్వాత రెండు రూపాయల మధ్య రాకపోకలు ఇంకా పెరిగాయి. ధాన్యం, మిరపకాయలు, పొగాకు, ఎడ్లు, నువ్వులనూనె, పెళ్లి సంబంధాలు, అన్నీ ఆ గీతను దాటేవి. ఆడపిల్లను మధిర వైపు ఇచ్చిన ఇంట్లో రెండు రకాల డబ్బూ ఉండేది.

వెండి రూపాయలున్నంత కాలం ఇది పెద్ద చిక్కు కాదు. వెండికి దాని బరువే విలువ. చార్మినారు బొమ్మ ఉన్న నాణేన్ని కరిగించినా ఇంత అని వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి వెండిని కరువు చేసింది. వెండి ధర పెరిగి, రూపాయి మీద రాసిన విలువ కంటే అందులో ఉన్న లోహమే ఎక్కువ పలికే పరిస్థితి వచ్చింది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం 1917 నవంబరు 30న ఒక రూపాయి నోటు వేసింది. ఆ వెంటనే 1918లో రెండు రూపాయల ఎనిమిది అణాల నోటు తెచ్చింది. రెండున్నర రూపాయల నోటంటే ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, నోట్ల కలెక్టర్లలో దానికున్న గిరాకీ అంతా ఇంతా కాదు. ఆ చిన్న నోట్ల మీద నంబరు దగ్గర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎమ్ అని ఉంటే అది మద్రాసు సర్కిలు నోటు. మన తాతల చేతుల్లోకి ఎక్కువగా వచ్చినవి అవే.

అదే 1918లో హైదరాబాదు సంస్థానం కూడా చట్టం చేసి సొంతంగా కాగితపు నోట్లు అచ్చువేయించింది. మొదట వందా, పదీ. ఆ తర్వాత అయిదూ, ఒకటీ. 1926లో వెయ్యి. అచ్చు లండన్‌లో, వాటర్‌లో అండ్ సన్స్ ప్రెస్‌లో. తర్వాతి కాలంలో నాసిక్‌లో. బ్రిటిష్ ఏలుబడి కింద ఉన్న దేశంలో ఒక సంస్థానం తన పేరుతో తాను నోటు వేసుకుని, దాన్ని దశాబ్దాల పాటు నడిపించడం చిన్న విషయం కాదు.

ఒక సంతకం వెనక

నందిగామ వైపు ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో అలాంటి పది రూపాయల నోటును దగ్గరగా చూశాను. ట్రంకుపెట్టెలో పాత దస్తావేజుల మధ్య దొరికిందట. "మా నాన్న ఎడ్ల జత అమ్మితే వచ్చిందిది, బాబూ. మార్చుకొద్దామనుకునేలోపు ఆయన మంచాన పడ్డారు. అమ్మ దీన్ని తీసి దాచిపెట్టింది" అన్నారావిడ.

నోటు నాలుగు మడతల్లో ఉంది. మడతలు కలిసే చోట కాగితం అరిగి, దీపానికి ఎదురుగా పెడితే చుక్కంత వెలుతురు కనపడింది. ఎడమవైపు జంట పిన్నుపోట్లు. బ్యాంకులు, ఖజానాలు నోట్లను కట్టలు కట్టి పిన్ను గుచ్చిన కాలపు గుర్తులవి. ఒక మూల పెన్సిలుతో ఏదో కూడిక వేసి ఉంది. పైన ఉర్దూ అక్షరాలు ఠీవిగా ఉన్నాయి. విలువ మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ ఉంది. సంస్థానం ఉర్దూలో నడిచినా, నోటు నడవాలంటే రైతు భాష రాయక తప్పలేదు. తొలి నోట్ల మీద తేదీ ఫసలీలో ఉంటుంది. కరణాల లెక్కలు చూసినవాళ్లకు ఫసలీ కొత్త కాదు. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1328 ఫసలీ అంటే 1918.

హాలీ నోట్లలో అసలు పట్టు సంతకాల్లో ఉంది. నోటు మీద సంస్థానపు ఆర్థిక శాఖ పెద్దల సంతకాలు ఉంటాయి. తేదీ లేని నోటు ఏ కాలానిదో చెప్పేది ఆ సంతకమే. 1940లలో సంతకం చేసినవాళ్లలో గులాం మహమ్మద్ ఒకరు. ఆయన దేశ విభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్. జాహిద్ హుస్సేన్ ఇంకొకరు. ఆయన పాకిస్తాన్ స్టేట్ బ్యాంకు తొలి గవర్నరు. మొయిన్ నవాజ్ జంగ్ మరొకరు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి కదిలినప్పుడు, సంస్థానం తరఫున ఐక్యరాజ్య సమితిలో ఫిర్యాదు వినిపించడానికి వెళ్లిన బృందానికి నాయకుడు ఆయనే. కోదాడలో గొర్రెలు కొన్న నోటు మీద, మధిరలో మందులు కొన్న నోటు మీద ఈ సంతకాలున్నాయి. చదువుకున్న చరిత్ర ఇలా చేతిలోకి వచ్చి కూర్చోవడం నాణేల విషయంలో అరుదు, నోట్ల విషయంలో తరచూ జరుగుతుంది. నాణెం రాజు పేరు చెప్పి ఊరుకుంటుంది. నోటు మీద రాజు కింద పనిచేసిన మనిషి చేతిరాత కనిపిస్తుంది.

1950లో సంస్థానంలోకి భారత రూపాయి వచ్చింది. కొన్నేళ్లు రెండూ కలిసి తిరిగాయి. 1959కి హాలీ పూర్తిగా రద్దయింది. మార్చుకోలేకపోయినవాళ్ల ఇళ్లలో మిగిలిపోయిన నోట్లే ఇప్పుడు కలెక్టర్ల దగ్గరికి చేరుతున్నాయి.

సముద్రం మింగిన నోట్లు

లండన్‌లో అచ్చయిన నోటు హైదరాబాదు చేరాలంటే సముద్రం దాటాలి. 1922 మే 20న ఎస్.ఎస్. ఈజిప్ట్ అనే ఓడ టిల్బరీ నుంచి బొంబాయి వస్తూ, ఫ్రాన్సు తీరానికి దూరంగా దట్టమైన పొగమంచులో ఒక ఫ్రెంచి సరుకు ఓడతో ఢీకొంది. ఇరవై నిమిషాల్లో మునిగిపోయింది. అందులో టన్నుల కొద్దీ బంగారం, వెండి ఉన్నాయి. వాటితోపాటు నిజాం ప్రభుత్వం అచ్చు వేయించుకున్న నోట్ల కట్టలూ ఉన్నాయి. ఓడ నాలుగు వందల అడుగుల లోతున పడింది. ఆ రోజుల్లో అంత లోతుకు దిగి పనిచేయడం ఎవరి వల్లా కాని పని. ఇటలీ డైవర్లు ఆర్టిగ్లియో అనే ఓడ మీద వచ్చి ఏళ్ల తరబడి వెతికారు. మధ్యలో మరో శిథిల ఓడను పేల్చేటప్పుడు ఆర్టిగ్లియోనే బద్దలై, ఆ డైవర్లలో ప్రముఖులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మిగిలినవాళ్లు ఇంకో ఓడతో వచ్చి 1932లో బంగారం బయటికి తీశారు. బంగారంతోపాటు హైదరాబాదు నోట్లూ పైకి వచ్చాయి. పదేళ్లు ఉప్పునీళ్లలో నానిన ఆ కాగితాలకు ప్రపంచమంతటా కలెక్టర్లున్నారు.

ఇలాంటి కథ ఇంకొకటి బ్రిటిష్ ఇండియా నోట్లకూ ఉంది. 1918 జులై 2న ఎస్.ఎస్. షిరాలా అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ఇంగ్లండు దక్షిణ తీరంలో ముంచేసింది. అందులోని నోట్ల కట్టలు కొన్ని ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ కట్టల్లోని పది రూపాయల నోట్లు రెండు 2024లో లండన్ వేలంలోకి వచ్చాయి.

స్కాట్లండ్ దారి

ఒకే రాజ్యంలో రెండు రకాల నోట్లు తిరిగే ముచ్చట మనకు 1959తో ముగిసింది. స్కాట్లండ్‌లో అది ఇవాళ్టికీ నడుస్తోంది. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ 1695లో పుట్టింది, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తర్వాత ఒకే ఒక్క ఏడాదికి. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ 1727లో వచ్చింది. ఈ రెండూ, వీటి వెంట పుట్టిన పదుల కొద్దీ చిన్న బ్యాంకులూ తమ తమ నోట్లు వేసుకున్నాయి. రాయల్ బ్యాంకు 1777లో వేసిన గినీ నోటు మూడు రంగుల్లో అచ్చయింది. ఐరోపాలో అదే మొదలంటారు. దొంగనోట్ల బెడదను రంగుతో ఎదుర్కొన్న తొలి ప్రయత్నాల్లో అదొకటి.

1825లో ఇంగ్లండులో బ్యాంకులు వరసగా కూలాక, అయిదు పౌన్లకు తక్కువ నోట్లను దేశమంతటా ఎత్తేయాలని లండన్ ప్రభుత్వం అనుకుంది. స్కాట్లండ్‌లో బంగారం తక్కువ, అక్కడి బతుకంతా ఒక పౌను నోటు మీదే నడిచేది. నవలా రచయిత వాల్టర్ స్కాట్ 1826లో మలాకీ మలగ్రోథర్ అనే మారుపేరుతో పత్రికలో ఘాటైన లేఖలు రాశాడు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్ల మీద ఇవాళ కనిపించే ముఖం ఆయనదే. ఒక రచయిత తన ఊరి నోటు కోసం పోట్లాడి గెలిచాడు, ఆ నోటు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పత్రికల్లో రాసుకుని బతికేవాడిగా నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి.

1845లో వచ్చిన చట్టం కొత్త బ్యాంకులకు నోట్లు వేసే హక్కు లేకుండా చేసింది. ఉన్నవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతూ ఇప్పుడు మూడే మిగిలాయి. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, రాయల్ బ్యాంకు, క్లైడ్స్‌డేల్. తాము వేసే నోట్ల విలువకు సరిపడా సొమ్ము బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉంచి మరీ వేయాలి. చట్టం లెక్కన ఈ నోట్లు స్కాట్లండ్‌లో కూడా లీగల్ టెండర్ కావు. అయినా అక్కడ ఎవరూ కాదనరు. లండన్ కొట్లలో మాత్రం తిప్పి తిప్పి చూస్తారు. గ్లాస్గోలో చదివే మన పిల్లలకు ఈ అనుభవం ఎదురైనప్పుడు, వాళ్ల ముత్తాత హాలీ నోటు పట్టుకుని జగ్గయ్యపేట కొట్టు ముందు నిలబడిన రోజు కళ్లకు కడుతుంది నాకు.

స్కాట్లండ్ కలెక్టర్లను చూసి మనం నేర్చుకోవాల్సింది వాళ్ల ఓపిక. జేమ్స్ డగ్లస్ 1975లో స్కాటిష్ నోట్ల మీద ఒక పుస్తకం వేశాడు. ఏ ఊరి బ్యాంకు ఏ నోటు వేసింది, ఎవరు సంతకం చేశారు, ఆ బ్యాంకు చివరికి ఏమైంది, ఇవన్నీ కూర్చి పెట్టారు అక్కడివాళ్లు. బ్రిటిష్ లినెన్ బ్యాంకు, నార్త్ ఆఫ్ స్కాట్లండ్ బ్యాంకు లాంటి మూతపడ్డ పేర్లు నోట్ల రూపంలో ఇంకా బతికున్నాయి. నోటు ఎక్కడిది అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది.

ఇంకో సంగతి. స్కాటిష్ బ్యాంకుల కాగితపు అయిదు, పది పౌన్ల నోట్లు 2018 మార్చి 1తో చలామణిలోంచి తప్పుకున్నాయి. ఇరవై, యాభై నోట్లు 2022 సెప్టెంబరు 30తో. ఇప్పుడు అక్కడ తిరిగేవి ప్లాస్టిక్ నోట్లు. పిల్లలు తెచ్చి బీరువాలో పడేసిన కాగితపు నోటు ఉంటే పారేయకండి.

బందరు బ్యాంకు, కాకినాడ నోటు

మన దగ్గర బ్యాంకులకు ఆ హక్కు ఎందుకు లేదు? ఒకప్పుడు ఉండేది. బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1843 నుంచి తన నోట్లు తాను వేసుకుంది. 1861లో పేపర్ కరెన్సీ చట్టం వచ్చి ఆ హక్కును ప్రభుత్వం తీసేసుకుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టే నాటికి నోటు వేయడం అనే మాటే లేదు. చెక్కులు, పాస్‌బుక్కులు, షేరు పత్రాలే ఆ బ్యాంకు మిగిల్చిన కాగితం. బందరులోనే పుట్టిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ రెండు పేర్లున్న పాత కాగితాలు డెల్టా ఇళ్లలో కుప్పలుగా ఉంటాయి. నోట్లంత డబ్బు రాదు గానీ, నా లెక్కలో అవీ భద్రపరచదగ్గవే.

1861 తర్వాతి ప్రభుత్వ నోట్లకు ఒక విచిత్రం ఉంది. ఒక సర్కిలులో వేసిన నోటు ఆ సర్కిలులోనే చట్టప్రకారం మారేది. మద్రాసు సర్కిలు కింద విశాఖపట్నం, కాకినాడ పేర్లతోనూ నోట్లు వచ్చాయి. ఒకవైపే అచ్చు, చేత్తో చేసిన కాగితం, లోపల వాటర్‌మార్కు. 1903 నుంచి 1911 మధ్య అయిదు, పది, యాభై, వంద నోట్లు దేశమంతటా చెల్లేలా మార్చారు. కాకినాడ పేరున్న నోటు ఇప్పుడు ఎక్కడైనా బయటపడితే అది వార్తే. ఈ నోట్లను మధ్యకు కత్తిరించి పోస్టులో పంపేవాళ్లు. ముందు ఒక సగం, అది అందిందని జవాబు వచ్చాక రెండో సగం. దారిలో ఒక సంచీ పోయినా దొంగకు సగం కాగితమే మిగిలేది. నడిమికి అతికించిన పాత నోటు కనపడితే చిరిగిందని పక్కన పెట్టకండి. అది ఉత్తరంలో ప్రయాణించిన నోటు కావచ్చు.

ఇలాంటి నోట్లను ఒక్కచోట చూడాలనుకుంటే బెంగళూరు వెళ్లాలి. రిజ్వాన్ రజాక్ తన సేకరణతో 2020లో అక్కడ భారతీయ కాగితపు కరెన్సీ మ్యూజియం తెరిచారు. కిశోర్ ఝున్‌ఝున్‌వాలాతో కలిసి ఆయన చేసిన కేటలాగు ఇప్పుడు మన కలెక్టర్లందరికీ చేతిపుస్తకం.

ఇద్దరు స్కాట్‌లు, ఏలూరు అన్నదమ్ములు

పాతవాటిని పోగుచేసి, రాసిపెట్టే అలవాటును డెల్టాకు తెచ్చినవాళ్లలో ఇద్దరు స్కాట్లండ్ వాళ్లే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు మీద జగ్గయ్యపేట కట్టించాడు. అమరావతిలో కొత్త ఊరు కట్టబోతే స్తూపం బయటపడింది. ఆ కబురు విని వచ్చినవాడు కాలిన్ మెకంజీ, లూయిస్ దీవిలోని స్టోర్నొవే ఊరివాడు. తర్వాత ఇండియాకు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకు చెయ్యీ కాలూ అయి పనిచేసినవాళ్లు ఏలూరి కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఆయన సేకరణకు 1828లో వేసిన కేటలాగులో 6,218 నాణేలున్నాయి.

రెండోవాడు వాల్టర్ ఇలియట్, ఎడిన్‌బరాలో పుట్టినవాడు. 1845లో అమరావతి తవ్వించాడు, ఉత్తర సర్కార్లకు కమిషనరుగా పనిచేశాడు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ నాణేలు కూడబెట్టాడు. ముసలితనంలో చూపు పూర్తిగా పోయింది. అయినా దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తిచేసి 1885లో అచ్చుకిచ్చాడు. 1887 మార్చి 1న కన్నుమూశాడు. ఆ పొద్దున కూడా తమిళ పండితుడు పోప్‌కు ఉత్తరం చెప్పి రాయించి, తన చేత్తో సంతకం పెట్టాడు. వాళ్లు తీసుకెళ్లినవాటిలో చాలా భాగం తిరిగి రాలేదన్న బాధ నాకూ ఉంది. అమరావతి పాలరాళ్లు ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. కానీ ఏ వస్తువు ఏ ఊళ్లో దొరికిందో రాసుకున్న వాళ్ల పద్ధతి మాత్రం మనం నేర్చుకోవాల్సిందే.

నలిగిన నోటుకే నా ఓటు

మార్కెట్టుకు కడక్ నోటు కావాలి. మడత పడని, చెయ్యి తగలని నోటుకు ఎక్కువ డబ్బు. గ్రేడింగు కంపెనీ ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అంకె వేస్తే ధర ఇంకా పెరుగుతుంది. వ్యాపారానికి అది సబబే. కానీ కడక్ నోటంటే ఎవరి చేతికీ చేరని నోటు. దానికి సంత తెలియదు. నందిగామ టీచరమ్మ ఇంట్లో చూసిన పది రూపాయల నోటు ఏ వేలంలోనూ పెద్ద ధర పలకదు. ఎడ్ల జత కథతో కలిపి చూస్తే, సరిహద్దు ఊళ్ల డబ్బు ఎలా నడిచిందో చెప్పే దస్తావేజు అది. అలాంటి నోటు నుంచి కథ విడిపోయిన రోజున మిగిలేది కేటలాగు నంబరు ఒక్కటే. విజయవాడ దాకా వచ్చేసరికి ఈ విడిపోవడం జరిగిపోతోంది. ఇంట్లోవాళ్లు పాత ఇనుముతోపాటు ట్రంకుపెట్టె అమ్మేస్తారు, నోట్లు ఒక దుకాణంలోంచి ఇంకో దుకాణంలోకి పోతాయి, ఊరి పేరు మొదటి గుమ్మం దగ్గరే రాలిపోతుంది.

నీళ్లు మన నోట్లకు మొదటి శత్రువు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో ఇళ్లకు ఇళ్లనే ఊడ్చేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్ల కాగితాలు బురదలో కలిశాయో. తడిసిన నోట్లు ఒకదానికొకటి అంటుకుంటే లాగకూడదు. పీల్చుకునే కాగితాల మధ్య పెట్టి నీడన ఆరనివ్వాలి. ఇస్త్రీ పెట్టడం, సెల్లోటేపు వేయడం, లామినేషన్ చేయించడం, ఈ మూడూ నోటును చంపేస్తాయి. పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిడ్డెక్కి కాగితాన్ని పాడుచేస్తాయి. పాలియెస్టర్ కవర్లు వాడాలి. మనది ఉక్కపోత నేల. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మారుస్తుండాలి.

మోసాల గురించి కూడా రాయకపోతే తప్పవుతుంది. ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటుకు లక్షలిస్తామని, 786 నంబరుకు ఇంకా ఎక్కువిస్తామని ఫోన్లలో ప్రకటనలు తిరుగుతుంటాయి. ముందు కమీషను కట్టమంటారు, రిజర్వు బ్యాంకు పేరు వాడతారు. తమకూ ఈ వ్యవహారాలకూ సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టంగా ప్రకటించింది. 2016లో రద్దయిన అయిదొందలు, వెయ్యి నోట్ల విషయంలో 2017 చట్టం గుర్తుంచుకోవాలి. మామూలుగా పదికి మించి, నాణేల నోట్ల అధ్యయనం కోసమైతే ఇరవై అయిదుకు మించి ఉంచుకోవడం నేరం.

ఇంట్లో హాలీ నోటో, మద్రాసు సర్కిలు నోటో దొరికితే ముందు కడగకండి, అమ్మకండి. నోటు మీద ఏమీ రాయకండి. వేరే మంచి కాగితం మీద పెన్సిలుతో రాయండి. ఇది ఎవరి పెట్టెలో దొరికింది, ఆయనది ఏ ఊరు, ఏం చేసేవారు, ఈ నోటు ఏం అమ్మితే వచ్చింది, ఎవరికి ఇవ్వాల్సింది, ఎందుకు మిగిలిపోయింది. పక్కన ఇంకే కాగితాలున్నాయో కూడా రాయండి, ఎందుకంటే రసీదు మీద తేదీ ఉంటే నోటుకూ తేదీ దొరికినట్టే. ఈ సంగతులు తెలిసిన పెద్దవాళ్లు ఎనభైల్లో, తొంభైల్లో ఉన్నారు. జగ్గయ్యపేట, మునగాల, మధిర, పరిటాల వైపు చుట్టాలున్నవాళ్లు వచ్చే సంక్రాంతికి వెళ్లినప్పుడు అడగండి: "తాతయ్యా, హాలీ రూపాయిని ఇటువైపు ఎక్కడ మార్చేవాళ్లు?"